మున్సిపల్ సాఫ్ట్‌వేరుకు బాధ్యులెవరు?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పురపాలక సంస్థల రాబడి వేరు, అవసరాలు వేరు. ఆస్తి పన్ను, కుళాయి చార్జీ, వ్యాపార లైసెన్సుల వ్యవహారం మాత్రం మూడుచోట్లా ఒకే చట్టం కింద నడుస్తుంది. నియమాలు ఒకటే అయినప్పుడు ఊరికో సాఫ్ట్‌వేరు కొనడం దండగ.

ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం 2015-16 ప్రాంతంలో ఈ సంగతి గుర్తించింది. ఈ-గవర్నమెంట్స్ ఫౌండేషన్ తయారుచేసిన సాఫ్ట్‌వేరును 110 పురపాలక సంస్థల్లో ప్రవేశపెట్టింది. 2003లో నందన్ నీలేకని, శ్రీకాంత్ నాదముని బెంగళూరులో ప్రారంభించిన లాభాపేక్ష లేని సంస్థ అది. ఆ సాఫ్ట్‌వేరు ఓపెన్ సోర్స్. అంటే దాని మూల కోడ్‌ను ఎవరైనా చదవవచ్చు, వాడవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. దాని జీపీఎల్ లైసెన్సు ఒక షరతు పెడుతుంది: మార్చిన సాఫ్ట్‌వేరును ఇతరులకు ఇచ్చేవారు కోడ్‌ను కూడా అవే హక్కులతో ఇవ్వాలి.

ఆ షరతుకు హద్దుంది. మార్చుకున్న సాఫ్ట్‌వేరును కార్యాలయం సొంత సర్వర్‌లోనే నడుపుకుంటే కోడ్ బయటపెట్టాలన్న నిర్బంధం లేదు. లైసెన్సు హక్కు ఇస్తుంది, అంతవరకే. ఆ హక్కును వినియోగించే మనుషులను ప్రభుత్వమే నియమించుకోవాలి.

ఆ మనుషుల పని ఏమిటో ఆస్తి పన్నులో తెలుస్తుంది. రాష్ట్రం 2020లో చట్టం సవరించి, అద్దె విలువకు బదులు మూలధన విలువపై పన్ను వేసే పద్ధతి తెచ్చింది. మొదటిది ఇంటికి ఏడాదికి రాగల అద్దె అంచనా; రెండోది స్థలం, కట్టడాల ధర. చట్టం మారగానే కోడ్‌లో సూత్రం మారాలి. పాత బకాయిలు పాత లెక్కలోనే ఉండాలి. అర్ధ సంవత్సరపు డిమాండు సరిగ్గా పడాలి. జమ్మలమడుగులో ఒక ఇంటి యజమాని ‘ఇంత ఎట్లా వచ్చింది?’ అని బిల్ కలెక్టర్‌ను అడిగితే, ఆ లెక్కను కోడ్ దాకా వెళ్లి చూపగలవారు ప్రభుత్వంలో ఉండాలి.

ఇందుకు ప్రతి మున్సిపాలిటీ ప్రోగ్రామర్లను పెట్టుకోనక్కర్లేదు. ప్రభుత్వ శాఖల మధ్య సమాచారాన్ని భద్రంగా చేరవేసే ఎక్స్-రోడ్ అనే సాఫ్ట్‌వేరు కోసం ఎస్టోనియా, ఫిన్లాండ్ దేశాలు 2017లో ఉమ్మడి సంస్థ పెట్టాయి. సభ్య దేశాలు డబ్బు పెడతాయి. కోడ్ బాగోగులు ఆ ఒక్క సంస్థే చూస్తుంది. యూరోపియన్ కమిషన్ 2020లో ఓపెన్ సోర్స్ వ్యవహారాలకే ప్రత్యేక కార్యాలయం ఏర్పాటు చేసింది. మన కేంద్రం కూడా ప్రభుత్వ అప్లికేషన్ల కోడ్ తెరవడానికి 2015లో విధానం ప్రకటించింది.

మనకు కావలసిన ఏర్పాటు రెండంచెలది. రాష్ట్ర పురపాలక శాఖలో ఒక శాశ్వత బృందం ఉండాలి. ఏ మార్పు ఎందుకు చేశారో నమోదు చేయడం, గుత్తేదారు నుంచి కోడ్, పత్రాలు పూర్తిగా తీసుకోవడం, భద్రత పరీక్షించి కోడ్‌ను ప్రచురించడం దాని విధులు. ప్రతి పట్టణంలో ఒక ఉద్యోగి లోపాలను రాసి ఆ బృందానికి పంపాలి, జవాబు వచ్చేదాకా వెంటపడాలి.

ఈ మూడు పట్టణాలున్న జిల్లాలోనే ఇడుపులపాయలో 2008 నుంచి ట్రిపుల్ ఐటీ ఉంది. పౌరుల వివరాలు లేని నమూనా సమాచారంతో అక్కడి విద్యార్థులు సాఫ్ట్‌వేరులోని తెలుగు తెరలను పరీక్షించవచ్చు, చిన్న లోపాలు సరిదిద్దవచ్చు. అయితే వారి పనిని సరిచూసి స్వీకరించాల్సింది శాశ్వత బృందమే.

లైసెన్సు రుసుము లేనంత మాత్రాన ఖర్చు లేదనుకోకూడదు. ఏటా బడ్జెట్‌లో నిర్వహణకు పద్దు ఉండాలి. అప్పుడు పులివెందులలో కనిపెట్టిన లోపానికి చేసిన మరమ్మతు ప్రొద్దుటూరుకు మళ్లీ కొనకుండానే అందుతుంది.