ఫోన్ మారిస్తే పింగ్ తగ్గుతుందా? అమలాపురంలో మూడు రోజులు లాగ్ వెతికితే దొరికింది ఇదీ

"అన్నయ్యా, ముప్పై వేలలో గేమింగ్‌కి మంచి ఫోన్ ఏదో చెప్పవా?"

భోగి రోజు పొద్దున్న అమలాపురంలో బస్సు దిగీ దిగగానే మా పిన్ని కొడుకు అడిగిన మొదటి మాట ఇది. ఫోన్లు రివ్యూ చేసేవాడికి ఈ ప్రశ్న కొత్తేం కాదు. కానీ వాడి చేతిలో ఉన్న ఫోన్ కిందటేడాది కొన్నదే, బీజీఎంఐకి బాగా సరిపోతుంది. మరి ఎందుకురా అంటే అసలు సంగతి చెప్పాడు. వీళ్లది నలుగురి స్క్వాడ్. రోజూ రాత్రి ఎనిమిదింటికి స్క్రిమ్స్ ఆడతారు. సరిగ్గా ఫైట్ మొదలయ్యే టైమ్‌కి వీడి పింగ్ 30 నుంచి 300కి ఎగురుతుంది. గోడ చాటుకి వచ్చేశాననుకున్న రెండు క్షణాలకి నాకౌట్ అయిపోయి ఉంటాడు. పండగ వెళ్లాక వచ్చే ఆదివారం ఒక టోర్నమెంట్ ఉంది. అప్పటికీ ఇంతే అయితే వేరేవాణ్ణి చూసుకుంటామని టీమ్‌వాళ్లు చెప్పేశారట. బాబాయ్ కొబ్బరి కొట్లో లెక్కలు రాసి దాచుకున్న డబ్బంతా ఫోన్ మీద పెట్టేద్దామని వీడి ప్లాన్.

"నెట్ ప్రాబ్లమ్ కాదన్నయ్యా, 40 ఎంబీపీఎస్ ప్లాన్‌కి స్పీడ్ టెస్ట్‌లో 38 వస్తోంది" అన్నాడు. చాలామంది పొరబడేది ఇక్కడే. గేమ్‌కి కావాల్సిన డేటా చాలా తక్కువ, ఒక ఎంబీపీఎస్ కూడా పట్టదు. దానికి కావాల్సింది ఆ చిన్న చిన్న ప్యాకెట్లు టైమ్‌కి వెళ్లి టైమ్‌కి రావడం. సగటు పింగ్ 60 ఉన్నా ఫర్వాలేదు, అది నిలకడగా 60 ఉంటే చెయ్యి అలవాటు పడిపోతుంది. ఒకసారి 30, ఒకసారి 300 అయితే ఎవడూ ఆడలేడు. ఈ ఊగిసలాటనే జిట్టర్ అంటాం.

వంద మిల్లీసెకన్లు ఎంతలే అనుకునేవాళ్లకి అమలాపురం లెక్కే చెప్తాను. మా ఊరి సాత్విక్ సాయిరాజ్ కొట్టిన స్మాష్ గంటకి 565 కిలోమీటర్ల వేగంతో 2023లో గిన్నిస్ రికార్డు అయింది కదా. రాకెట్ నుంచి బయల్దేరినప్పటి ఆ వేగం అలాగే ఉంటే, వంద మిల్లీసెకన్లలో షటిల్ దాదాపు 15.7 మీటర్లు వెళ్తుంది. బ్యాడ్మింటన్ కోర్టు మొత్తం పొడవే 13.4 మీటర్లు. నిజానికి గాలికి షటిల్ వేగం వెంటనే పడిపోతుందనుకోండి, అయినా విషయం అర్థమైంది కదా.

దూరం వల్ల వచ్చే ఆలస్యాన్ని మనం ఏం చేయలేం. ఫైబర్‌లో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అమలాపురం నుంచి ముంబై గీత గీసినట్టు వెళ్తే దాదాపు వెయ్యి కిలోమీటర్లు, అంటే రానూపోనూ 10 మిల్లీసెకన్లు. కేబుళ్లు వంకర్లు తిరిగి, మధ్యలో రూటర్లన్నీ దాటేసరికి 25, 30 అవుతుంది. వాడికి బాగున్నప్పుడు వచ్చే 30 అదే. మిగతా 270 ఎక్కడ పుడుతోందన్నదే ప్రశ్న.

దీనికి యాప్‌లేమీ అక్కర్లేదు. వాడి గదిలో ల్యాప్‌టాప్ పెట్టి రెండు కమాండ్ ప్రాంప్ట్ విండోలు తెరిచాను. ఒకదాంట్లో ఇంట్లో రూటర్‌కి పింగ్ (పింగ్ -టి 192.168.1.1), రెండోదాంట్లో బయటి సర్వర్‌కి పింగ్ (పింగ్ -టి 8.8.8.8). రెండూ పక్కపక్కన నడుస్తుంటే చూడాలి. రూటర్ పింగ్ కూడా ఎగిరిందంటే జబ్బు ఇంట్లో వైఫైది. రూటర్ పింగ్ నిలకడగా ఉండి బయటిదే ఎగిరితే, జబ్బు రూటర్ దాటాక ఉంది. (ఒక జాగ్రత్త: ల్యాప్‌టాప్ నుంచి ఫోన్‌కి పింగ్ కొట్టి భయపడకండి. ఖాళీగా ఉన్న ఫోన్‌లో వైఫై కునుకు తీస్తూ, రూటర్ పంపే బీకన్ కోసం మధ్యమధ్యలో మాత్రమే లేస్తుంది. ఆ బీకన్ సుమారు 100 మిల్లీసెకన్లకి ఒకటి. అందుకే అక్కడ వంద, రెండొందలు కనిపించడం మామూలే.)

వాడి గదిలో రూటర్ పింగ్ ఇలా ఉంది: 4, 6, 5, 187, 9, 240, 5. హాల్లో రూటర్ పక్కన కూర్చుంటే 2, 2, 3, 2. అంటే బయటి నెట్ జోలికి పోనే అక్కర్లేదు, గది నుంచి రూటర్ చేరేలోపే రెండొందలు అయిపోతోంది.

ఎందుకో చూడ్డానికి పైకి, కిందకి నాలుగుసార్లు తిరిగాను. పిన్ని వాళ్లది పాత మండువా లోగిలి, వెనకాల తర్వాత వేసిన డాబా. వీడి గది ఆ డాబా మీద. స్తంభం నుంచి ఫైబర్ వీధి వైపు వచ్చింది కాబట్టి రూటర్ ముందు హాల్లో, ఇనుప బీరువా వెనక, దుమ్ములో. మధ్యలో మూరెడు మందం పాతకాలం గోడలు, ఒక స్లాబు. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ అక్కడికి చేరేసరికి ప్రాణం పోతోంది. రెండు బ్యాండ్లకీ ఒకే పేరు పెట్టారు కాబట్టి ఫోన్ కాసేపు దీనికీ, కాసేపు దానికీ గెంతుతోంది. గెంతిన ప్రతిసారీ ఒక స్పైక్. 2.4లో ఉండిపోయినా సుఖం లేదు. ఎనలైజర్ యాప్‌లో చూస్తే చుట్టుపక్కల ఇళ్లవి 14 నెట్‌వర్క్‌లు, మనది 3వ చానల్‌లో. 2.4లో ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11 మూడే. 3లో కూర్చుంటే 1 వాళ్లతోనూ 6 వాళ్లతోనూ గొడవే.

ఇంకోటి, నాకు లేట్‌గా తట్టింది. వీడు ఆడేది బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో. బ్లూటూత్ కూడా 2.4 గిగాహెర్ట్జ్‌లోనే నడుస్తుంది. ఫోన్ వైఫై 2.4లో ఉంటే రెండూ వంతులు వేసుకోవాలి. బడ్స్ తీసేస్తే స్పైక్‌లు సగానికి సగం తగ్గాయి. టైప్-సి వైర్ ఇయర్‌ఫోన్స్ వాడమన్నాను. అడుగుల చప్పుడు కూడా ముందుగా వినిపిస్తుంది, అది బోనస్.

రిపీటర్ కొందామన్నాడు బాబాయ్. వద్దన్నాను. మామూలు చవక రిపీటర్ అదే చానల్‌లో విని, మళ్లీ అదే చానల్‌లో చెప్తుంది. ప్రతి ప్యాకెట్ గాల్లో రెండుసార్లు ప్రయాణం చేస్తుంది. సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి, పింగ్ మాత్రం ఇంకా పెరుగుతుంది. ఎవరేమన్నా ఇలాంటి చోట వైరే రాజు. గడియార స్తంభం దగ్గర భోగి సాయంత్రం తెరిచి ఉన్న షాపులో 20 మీటర్ల క్యాట్6 కేబుల్ తెచ్చి బయటి గోడ వెంట డాబా మీదకి లాగాం. బాబాయ్ అటక మీద పాత కనెక్షన్ తాలూకు డ్యూయల్ బ్యాండ్ రూటర్ ఒకటి పడి ఉంది. దాన్ని గదిలో యాక్సెస్ పాయింట్‌గా మార్చాను: డీహెచ్‌సీపీ ఆఫ్, కేబుల్ ల్యాన్ పోర్టులో, 5 గిగాహెర్ట్జ్‌కి వేరే పేరు, చానల్ 36. సంక్రాంతి రాత్రి స్క్రిమ్స్‌లో పింగ్ 28 నుంచి 40 మధ్యే ఉంది. నేను కాలర్ ఎగరేసుకుని పడుకున్నాను.

కనుమ రాత్రి మళ్లీ 300.

నిజం చెప్పాలంటే కాస్త పరువు పోయింది. మళ్లీ రెండు విండోలు తెరిచాను. ఈసారి రూటర్ పింగ్ 3 దగ్గర రాయిలా ఉంది. బయటిది 210, 260, 245. ఇది వేరే జబ్బు. కాసేపటికి పిన్ని ఫోన్ మీద నా చూపు పడింది. పొద్దున్నుంచీ అందరం జగ్గన్నతోట ప్రభల తీర్థంలో ఉన్నాం. కాలవలో దిగి, వరిచేలల్లోంచి ప్రభలు మోసుకొస్తుంటే వీడియో తీయని చెయ్యి లేదు. సాయంత్రం ఇంటికొచ్చి వైఫై తగలగానే ఆరు ఫోన్లూ ఫొటోల బ్యాకప్ మొదలెట్టాయి. అప్‌లోడ్ లైన్ మొత్తం నిండిపోయింది. మామూలు రోజుల్లో రాత్రి ఎనిమిదింటికి ఆ పని చేసేది కువైట్‌లో ఉన్న మావయ్యతో వీడియో కాల్, కొట్లోని సీసీ కెమెరా క్లౌడ్ అప్‌లోడ్. వాడి స్క్రిమ్స్ టైమూ అదే.

లైన్ నిండితే ప్యాకెట్లు పారేయకుండా ఫైబర్ బాక్స్ తన బఫర్‌లో వరస పెట్టి దాచుకుంటుంది. ఆ వరసలో 1 ఎంబీ పేరుకుందనుకోండి. అంటే 8 మెగాబిట్లు. 40 ఎంబీపీఎస్‌లో అది ఖాళీ కావడానికి 0.2 సెకను, అంటే 200 మిల్లీసెకన్లు. మనవాడి బుల్లెట్ ఆ ప్రభల వీడియోల వెనక లైన్లో నిలబడాలి! దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు. జిమ్ గెటీస్ అనే ఇంజినీర్ 2010లో తన ఇంట్లోనే దీన్ని పట్టుకుని ఆ పేరు పెట్టాడు. 2012లో క్యాథలీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ కోడెల్ అనే మందు కనిపెట్టారు. ప్యాకెట్ వరసలో ఎంతసేపు నిలబడిందో చూసి, ఎక్కువైతే కొన్నిటిని పారేసి పంపేవాణ్ణి నెమ్మదించమని చెప్పడమే దాని పని.

కంపెనీవాళ్లు ఇచ్చే చాలా బాక్సుల్లో ఈ సెట్టింగ్ ఉండదు. నా బ్యాగులో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేసిన చిన్న రూటర్ ఒకటి ఎప్పుడూ ఉంటుంది. దాన్ని ఫైబర్ బాక్స్‌కీ ఇంటికీ మధ్యలో పెట్టి, బాక్స్ వైఫై ఆపేసి, ఎస్‌క్యూఎమ్‌లో కేక్ ఎంచుకుని రెండు వైపులా 36 ఎంబీపీఎస్ అని కట్టేశాను. లైన్ అసలు స్పీడ్ కన్నా కాస్త తక్కువ పెట్టాలి, అప్పుడే వరస వాళ్ల బాక్స్‌లో కాకుండా మన రూటర్‌లో, మన చెప్పుచేతల్లో ఉంటుంది. ఆరు ఫోన్లూ అప్‌లోడ్ చేస్తుండగానే బయటి పింగ్ 33, 36, 31కి దిగింది.

"ఒరేయ్, నలభైకి డబ్బులు కడుతుంటే ముప్పయ్యారు చేస్తావేంట్రా" అన్నాడు బాబాయ్. ఆయన బాధలోనూ న్యాయం ఉంది. ఇది ఉచితంగా వచ్చే మందు కాదు, పది శాతం స్పీడ్ ఇచ్చి నిలకడ కొనుక్కుంటున్నాం. అంత ఓపిక లేనివాళ్లు ఫొటోల బ్యాకప్‌ని ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు మాత్రమే అని పెట్టుకోండి, సగం గొడవ తగ్గుతుంది.

డీఎన్ఎస్ మారిస్తే ఇన్-గేమ్ పింగ్ తగ్గదు. సర్వర్ అడ్రస్ దొరికాక దానితో పనే లేదు. గేమ్ బూస్టర్ యాప్‌లు ఎక్కువగా బ్యాక్‌గ్రౌండ్ యాప్‌లని మూసి, యాడ్‌లు చూపిస్తాయి. స్లాబు కింద కొత్త వైఫై 7 రూటర్ పెట్టినా స్లాబు స్లాబే. ఇక ఇల్లంతా పడుకున్నాక, వైర్ మీద కూడా బయటి పింగ్ ఎగురుతుంటే మాత్రం అది మీ చేతిలో లేదు. రెండు విండోలూ కనిపించేలా స్క్రీన్‌షాట్లు టైమ్‌తో సహా తీసి ఆపరేటర్‌కి పంపండి. "నెట్ స్లో అండీ" అంటే రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేయమంటారు అంతే.

ఆదివారం టోర్నమెంట్‌లో వీళ్లకి ఏడో ప్లేస్ వచ్చింది. పింగ్ ఒక్కసారి కూడా 45 దాటలేదు. ఆఖరి మ్యాచ్‌లో మాత్రం వీడే ముందుగా పోయాడట. లాగ్ అని చెప్పడానికి కూడా లేకుండా చేశావన్నయ్యా అని మెసేజ్ పెట్టాడు. ఫోన్ కొనలేదు. కరెంటు పోయినప్పుడు ఫైబర్ బాక్స్ ఆగిపోతోంది కాబట్టి రూటర్లకి పెట్టే చిన్న యూపీఎస్ ఏది బాగుంటుందో చెప్పమన్నాడు. రెండు తెప్పించాను, టెస్ట్ చేస్తున్నాను.