కలిమిలేముల నడుమ హాస్యకథ

హాస్యము నవరసములలో నొకటి. భరతుడు నాట్యశాస్త్రమున దీనికి హాసమును స్థాయిభావముగా చెప్పి, వికృతవేషము, వికృతాలంకారము మొదలగువానిని విభావములుగా పేర్కొనెను. తాను నవ్వుట ఆత్మస్థమనియు, ఇతరులను నవ్వించుట పరస్థమనియు రెండు భేదములు చూపెను. అంతటితో నాగక నవ్వును ఆరు తరగతులుగా విభజించెను. స్మితము, హసితము ఉత్తములకు. విహసితము, ఉపహసితము మధ్యములకు. అపహసితము, అతిహసితము అధములకు. పలువరుస కానరాకుండ నవ్వువాడు ఉత్తముడు. కన్నీరు కారునట్లు, ప్రక్కలు పట్టుకొని నవ్వువాడు అధముడు.

నేటి పాఠకుడు ఈ విభాగమును పరిశీలించినచో అందే యొక హాస్యకథ దాగియున్నదని తెలిసికొనగలడు. ఒకే మాటకు గొప్పయింటివాడొక తీరున, కూలివాడు వేరొక తీరున నవ్వుచున్నాడు. ఒకడు నవ్వును దాచుకొనుటయే మర్యాద యనుకొనును. రెండవవాడు దాచుకొనుట కపటమనుకొనును. ఇట్లు నవ్వునందే కలిమిలేముల భేదమున్నపుడు, ఆ భేదమునే వస్తువుగా గైకొని హాస్యకథ నెట్లు పెంపొందింపవలెననునది విచారింపదగిన విషయము.

లేమి వేరు, ఆచారము వేరు

కలవానికిని లేనివానికిని గల భేదములు రెండు విధములు. మొదటిది వస్తుభేదము. ఒకని గాదెలో ధాన్యము గలదు. వేరొకని గాదెలో లేదు. రెండవది ఆచారభేదము. అతిథికి ఏమి పెట్టవలెను, పెద్దవారి నెట్లు పిలువవలెను, ఏది మర్యాద, ఏది అవమానము అను విషయములలో రెండిండ్లకు గల యభిప్రాయభేదమే యిది.

మొదటి భేదము నవ్వదగినది కాదు. ఆకలిని చూపి నవ్వించు కథ అవహేళన యగును గాని హాస్యకథ కాజాలదు. రెండవ భేదమునందే హాస్యము పుట్టును. ఏలయన, అందు రెండు పక్షములకును తమ తమ న్యాయము కలదు. ఎవరి న్యాయము ప్రకారము వారు సరిగనే నడచుకొనుచుందురు. సరియైన రెండు నడకలు ఒక గుమ్మము దగ్గర ఢీకొన్నపుడు కలుగు చప్పుడే నవ్వు.

ప్రపంచ సాహిత్యమునందు ఈ సూత్రమునకు నిదర్శనములు గలవు. ఫ్రెంచి నాటకకర్త మోలియేరు 1670లో ప్రదర్శించిన నాటకమున ఒక ధనిక వర్తకుని కుమారుడు ప్రభువంశజునివలె కనబడవలెనని గురువులను పెట్టుకొని సంగీతమును, నృత్యమును, కత్తిసామును నేర్చుకొనబోవును. అచ్చట నవ్వు ధనముమీద గాక, ధనముతో మర్యాదను కొనవచ్చునను భ్రాంతిమీద పడుచున్నది. 1931లో వచ్చిన చార్లీ చాప్లిన్ చలనచిత్రము ‘సిటీ లైట్స్’లో లక్షాధికారి త్రాగిన మైకములో దేశదిమ్మరిని ప్రాణస్నేహితునిగా కౌగిలించుకొనును, మైకము దిగగానే వానిని గుర్తింపడు. మన తెలుగున మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ‘బారిష్టర్ పార్వతీశం’ మొదటి భాగము 1924లో వెలువడెను. మొగలితుర్రు యువకుడు సీమకు పోవుచు అడుగడుగున తెలియని ఆచారములతో తలపడును. అతడే తన కథ చెప్పుకొనుటచేత పాఠకుడు అతనితో గూడి నవ్వును గాని, అతనిని చిన్నబుచ్చడు.

కరిసల్ సీమలోని ఇద్దరు

ఇంతమాత్రమునకు దూరదేశములకు పోనక్కరలేదు. నరికుడి మొదలు అరుప్పుకోట, సాత్తూరు, కోవిల్‌పట్టి వరకు గల సీమ వానను నమ్ముకొన్న సీమ. కోవిల్‌పట్టి చుట్టునున్న నల్లరేగడిని తమిళమున కరిసల్ అందురు. అచ్చటి ఇడైసేవల్ అను చిన్న గ్రామము ఇద్దరు కథకులను కనెను. ఒకరు కు. అళగిరిసామి (1923–1970), వేరొకరు 2021లో దివంగతులైన కి. రాజనారాయణన్. ఇరువురి యింటిభాషయు తెలుగే. ఇరువురును వ్రాసినది తమిళము. ఇరువురకును కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించెను: అళగిరిసామికి మరణానంతరము 1970 సంవత్సరమునకు, రాజనారాయణన్‌కు 1991లో ‘గోపల్లపురత్తు మక్కళ్’ నవలకు.

రాజనారాయణన్ వ్రాసిన ‘నార్కాలి’ యను కథకు కుర్చీయే నాయకుడు. ఒక పల్లెటింటికి సబ్‌జడ్జి యొకడు అతిథిగా వచ్చును. ఇంట కుర్చీ లేదు. పెరుగు చిలుకునపుడు అవ్వ కూర్చుండు ముక్కాలిపీట మాత్రమున్నది. దొరవేషముతో దానిపై కూర్చుండబోయి ఆయన దొర్లిపడును. అందుపై ఇంటివారు కుర్చీ చేయింపక తప్పదని తీర్మానింతురు. కుర్చీ వచ్చినది; పిల్లలు దానికొరకు పోటీపడిరి. ఒకనాటి రాత్రి ఎవరో తలుపు తట్టి, చనిపోయిన పెద్దమనిషిని కూర్చుండబెట్టుటకు ఆ కుర్చీని అడిగి తీసికొనిపోయిరి. అది తిరిగివచ్చిన తరువాత దానిపై కూర్చుండుటకు ఇంటిలో నెవరికిని ధైర్యము లేకపోయెను. పట్టణపు హోదాకు చిహ్నమైన వస్తువు పల్లెలో పీనుగుపీట యైనది. ఇచ్చట పల్లెవారు మూర్ఖులు కారు. తమకు నిజముగ అవసరమైన పనికే కుర్చీని వినియోగించుకొనిరి.

అళగిరిసామి కథ ‘రాజా వందిరుక్కిఱార్’ పసిపిల్లల పోటీతో మొదలగును. కలవారి పిల్లవాడు తన పట్టుచొక్కాను చెప్పుకొనగా, పేదయింటి పిల్లలు దానికి వెంటనే బదులు చెప్పుదురు. ఆ వాదములు మనలను నవ్వించును. దీపావళికి కలవారి యింటికి జమీందారు అల్లుడు ‘రాజా’ వచ్చును. పేదయింటికి, తల్లిదండ్రులు లేక బట్టయైనను లేని ఒక బాలుడు వచ్చును. వాని పేరును రాజాయే. తమ యింటికిని రాజా వచ్చినాడని ఆ యింటి పాప చెప్పునపుడు పాఠకుని నవ్వు గొంతులోనే నిలిచిపోవును.

ఈ రెండు కథలనుండి మూడు సంగతులు గ్రహింపవచ్చును. మొదటిది: భేదమును ఉపన్యాసముతో చెప్పరాదు, కుర్చీ, చొక్కా, పేరు వంటి యొక్క చిన్న వస్తువునందు నిలుపవలెను. రెండవది: ఆ వస్తువునకు రెండిండ్లలో రెండర్థములుండవలెను. మూడవది: పేదవాని తర్కము ధనికుని తర్కమునకు ఏమాత్రము తీసిపోకూడదు.

ఒక కథను పెంపొందించు విధము

ఈ సూత్రములతో క్రొత్త కథనొకదానిని కల్పించి చూడవచ్చును. దానికి తగిన వస్తువు ఈ సీమ చరిత్రయందే కలదు. అది సజ్జ. పూర్వము ఈ మెట్టభూములలో సజ్జ, జొన్న నిత్యాహారములు; వరియన్నము పండుగనాటి భోజనము. ఇంట వరియన్నము వండుటయే కలిమికి గుర్తు. కాలము మారినది. 2011 జూను నెలనుండి తమిళనాట అర్హత గల కుటుంబకార్డులకు చౌకధరల దుకాణములలో బియ్యము ఉచితముగ నిచ్చుచున్నారు. మరియొక వంక మధుమేహమునకు భయపడిన పట్టణపు సంపన్నులు వైద్యుని సలహాపై చిరుధాన్యములను వెదకి కొనుచున్నారు. పేదవాని పళ్లెమున తెల్లని అన్నము, ధనికుని గిన్నెలో సజ్జ అంబలి: యాభై యేండ్లలో రెండు పళ్లెములు తారుమారైనవి.

ఇప్పుడు కథ. నరికుడి ప్రక్క పల్లెనుండి ఒక వృద్ధుడు విరుదునగరములోని కలవారైన చుట్టముల యింటికి పెండ్లిపిలుపు తెచ్చినాడనుకొందము. గృహస్థు ఆయనకు కుమారుని వరుస. వెండిగిన్నెలో సజ్జ అంబలి, ప్రక్కన చిన్న ఉల్లిపాయలు పెట్టించి, “పెదనాయనా, మీకోసమే చేయించినాను, తాగండి” అనును. అతని దృష్టిలో అది గౌరవము. వృద్ధుని గుండె జల్లుమనును. చుట్టము వచ్చిననాడు కూడ అంబలి పోయుచున్నారనగా ఇంట బియ్యపుగింజ లేదన్నమాట!

అపార్థము పుట్టినది. దానిని అబద్ధములతో గాక, నిజములతోనే పెంచవలెను. కాఫీ వచ్చును, అందు చక్కెర లేదు. తెల్లవారగనే గృహస్థు కాలినడకను బయలుదేరును. కారు అమ్ముకొన్నాడు కాబోలు. కాలేజీలో చదువు మనుమడు మోకాళ్లవద్ద చిరిగిన లాగుతో తిరుగుచుండును. చిరుగులున్న లాగునకే వెల యెక్కువయని వృద్ధునకు తెలియదు. కనబడిన ప్రతిదియు ఒక కంటికి కలిమి, వేరొక కంటికి లేమి. అడిగినచో వారు నొచ్చుకొందురని వృద్ధుడు అడుగడు. తన వ్యాధిని చెప్పుకొనుట ఇష్టములేక గృహస్థు చెప్పడు. ఇరువురి మౌనమునకును మర్యాదయే కారణము. కథను నడపునది ఆ మర్యాదయే గాని మూర్ఖత కాదు.

వృద్ధుడు ఊరుచేరి విషయము చెప్పును. ఒకప్పుడు కరవులో ఆ యింటివారు తమకు గింజలు పెట్టిన సంగతి ఊరివారు మరువలేదు. ఇంటింట శేరెడు, రెండు శేర్లు కూడదీసి రెండు మూటల చౌకదుకాణపు బియ్యము బస్సులో వేయుదురు. మూటలు మేడగుమ్మములో దిగును. కోడలు సిగ్గుపడును, మనుమడు నవ్వును, గృహస్థునకు కోపము రానున్నది. అంతలో, వైద్యుని యాజ్ఞవలన చాలకాలముగా అన్నపు మెతుకు నెరుగని ముసలితల్లి లోపలినుండి వచ్చి, మూట విప్పి, బియ్యము దోసిట పట్టి చూచి, ఎసరు పెట్టుమని కోడలిని కేకవేయును. పెండ్లినాడు వృద్ధుడు గృహస్థును ప్రక్కకు పిలిచి, “కష్టాలు తీరినాయా, నాయనా?” అని అడుగును. గృహస్థు కొంచెమాలోచించి, “తీరినాయి, పెదనాయనా” అనును. కథ యిచ్చట ముగియవలెను.

ఈ కథలో నవ్వు పేదరికముమీద పడలేదు. ఋణము తీర్చుకొను అవకాశము ఊరివారికి దొరికినది. ధనికుడును దుష్టుడు కాడు. చివరిమాటతో అతడు అబద్ధమాడియు ఎదిగినాడు. వానను నమ్ముకొని ఇతరుల గింజలతో బ్రదికిన సీమ జ్ఞాపకము ఈ నవ్వునకు వెనుకనున్నది. రచయిత తుదకు సమానత్వమునుగూర్చి ఒక్క వాక్యము చేర్చినను కథ చెడును.

మాటల పొందిక

ఇట్టి కథకు భాష ప్రధానము. వృద్ధుడును ముసలితల్లియు ఇంటి తెలుగు మాటలాడుదురు. గృహస్థుడు తెలుగున మొదలిడి తమిళమున ముగించును. మనుమనికి తెలుగు వినవచ్చును, పలుకరాదు. ‘కూడు’, ‘బువ్వ’, ‘అన్నము’ అను మూడు మాటలును ఒకే పదార్థమును చెప్పును. అయినను ఒక్కొక్క మాట ఒక్కొక్క వాకిలినుండి వచ్చును. “కూడు తింటివా?” అను పలుకరింపు ఒక యింట ఆప్యాయత, వేరొక యింట మోటుదనము. ఈ తారతమ్యము నెరిగినవాడే ఆ కథను తెలుగున చెప్పగలడు. పాత్రల పలుకును వెక్కిరింపుకొరకు వంకరగ వ్రాయుట తగదు. చెవికి వినబడినది వినబడినట్లు వ్రాసిన చాలును.

ఇదియంతయు సాహిత్యచర్చ మాత్రమే కాదు. మైనారిటీ భాషాపాఠశాలలో కలవారి బిడ్డయు కూలివారి బిడ్డయు ఒకే బల్లపై కూర్చుండి ఒకే కథ విందురు. కథలో చిరుగుబట్టను చూపి నవ్వించినచో, బల్లకు ఆ చివరనున్న బిడ్డ తన చొక్కాను చేతితో కప్పుకొనును. ఆనాటినుండి ఆ బిడ్డకు తెలుగు పాఠము చేదగును. అంబలిగిన్నెను చూపి నవ్వించినచో ఇద్దరును ఒకేమారు నవ్వుదురు. ఇంటికిపోయి తమ అవ్వను పాత సంగతులడుగుదురు. 2006 నాటి తమిళ అభ్యాస చట్టము తరువాత ఈ రాష్ట్రపు బడులలో మొదటి తరగతినుండి క్రమముగ తమిళము నిర్బంధమైనది. ఇంటి తెలుగు నిలుచుటకు ఇల్లే ముఖ్యాధారము. ఇడైసేవల్ కథకులు తమ యింటివారి నవ్వును తమిళమునకు కానుకగ నిచ్చిరి. అది తమిళమునకు లాభము, తెలుగువారికి గర్వకారణము. ఆ నవ్వులో కొంత తెలుగు లిపిలోను మిగులవలెనన్నచో, అవ్వలు చెప్పు అంబలి కథలను, కుర్చీ కథలను వారి మాటలలోనే వ్రాసియుంచుట తెలుగు కుటుంబములు నేడే చేపట్టదగిన కార్యము. అట్లు వ్రాయునపుడు ఏ బిడ్డయు చొక్కా కప్పుకొనవలసిన యవసరము లేకుండ చూచుట కథకుని మొదటి ధర్మము.