కార్పెట్ ఎత్తితే తెలిసే పిల్లి కథ

సియాటిల్‌కు ఈశాన్యాన కింగ్, స్నోహోమిష్ కౌంటీలు రెండింటిలోకీ పరుచుకున్న ఊరు బాతెల్. రెడ్మండ్, బెల్‌వ్యూ ఆఫీసులకు వెళ్లే మనవాళ్లు చాలామంది ఇక్కడ కాపురం ఉంటున్నారు. హిందూ టెంపుల్ కూడా ఈ ఊళ్లోనే కావడంతో శని, ఆదివారాల్లో తెలుగు బాగానే వినిపిస్తుంది. పిల్లలు పెట్ కావాలని మారాం చేస్తే, కుక్కయితే వానలో బయట తిప్పాలి, పిల్లయితే ఆ బాధ లేదనుకుని దానికే ఓటేసే ఇళ్లు ఎక్కువ. కొన్నాళ్లు ముద్దుముద్దుగా గడిచిపోతుంది. ఆ తర్వాత ఒకరోజు సోఫా వెనక నుంచి వాసన మొదలవుతుంది.

పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, ఇక్కడ ఇళ్ల నిర్మాణం, మరమ్మతుల పనులకు సూపర్‌వైజర్‌గా ఉన్నాను. పశువుల డాక్టర్‌ని కాను గానీ, పాత కార్పెట్ పీకించినప్పుడు దాని కింద ఏముంటుందో రోజూ చూసే ఉద్యోగం నాది. అందుకే తెలిసినవాళ్లు "తమ్ముడూ, ఒక్కసారి వచ్చి చూసిపో, ఇల్లంతా కంపు కొడుతోంది" అని ఫోన్ చేస్తుంటారు. నేను వెళ్లేసరికి ఇంట్లో అప్పటికే రెండు పార్టీలు. పిల్లిని తిరిగి షెల్టర్‌కి ఇచ్చేద్దామని పెద్దవాళ్లు, వద్దని ఏడుస్తూ పిల్లలు. "మామీద కోపంతోనే ఇలా చేస్తోంది" అన్న మాట మాత్రం దాదాపు ప్రతి ఇంట్లోనూ వింటాను.

పిల్లి వైద్యులు ఈ మాట ఒప్పుకోరు. అమెరికా పిల్లి వైద్యుల సంఘం, అంతర్జాతీయ సంఘం కలిసి 2014లో ఈ సమస్య మీదే మార్గదర్శకాలు ప్రకటించాయి. పగతోనో, కసితోనో పిల్లి ఇల్లు పాడుచేయదని అందులో చెప్పారు. దానికి ఒంట్లో బాగాలేకపోవచ్చు, పెట్టిన డబ్బా నచ్చకపోవచ్చు, లేదా ఏదో బెదురు పుట్టి ఉండొచ్చు. మన ఊళ్లలో పిల్లికి ఈ గొడవ లేదు. ఇసుక కుప్పో, దొడ్లో మట్టో చూసుకుని గొయ్యి తీసి కప్పెట్టి వస్తుంది. బాతెల్‌లో బయటికి వదిలితే కారు కిందైనా పడుతుంది, కయోటీ నోటికైనా చిక్కుతుంది. అందుకని నాలుగు గోడల మధ్యే ఉంచుతాం. పిల్లినైనా గదిలో పెట్టి కొడితే తిరగబడుతుందన్న సామెత మనదే కదా. ఇక్కడ కొట్టేవాళ్లు లేకపోయినా, గది మాత్రం గదే.

ముందుగా చూడాల్సింది మరక ఎక్కడుందన్నది. గోడకో, కర్టెన్‌కో, సోఫా వెనక భాగానికో కాస్త ఎత్తులో సన్నగా చిమ్మినట్టుంటే అది 'స్ప్రే'. పిల్లి నిలబడి, వెనక్కి తిరిగి, తోక పైకెత్తి వణికిస్తూ చేస్తుంది. ఇది నా జాగా అని బోర్డు రాసుకోవడం లాంటిది. అలా కాకుండా కార్పెట్ మీద, పరుపు మీద, ఉతకాల్సిన బట్టల కుప్ప మీద మడుగులా ఉంటే కూర్చుని పోసిందన్నమాట. రెండింటి కారణాలూ వేరు, మందులూ వేరు. ఈ తేడా చూడకుండా షాపుకెళ్లి స్ప్రే బాటిళ్లు కొనేవాళ్లే ఎక్కువ.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. మగపిల్లి మాటిమాటికీ డబ్బాలోకి వెళ్లి ముక్కుతూ, అరుస్తూ, చుక్క రాకుండా బయటికొస్తుంటే ఆ రాత్రి తెల్లారేదాకా ఆగొద్దు. వాటి మూత్రనాళం చాలా సన్నం, స్ఫటికాలో, చిక్కటి జిగురో అడ్డుపడితే పూర్తిగా మూసుకుపోతుంది. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. 24 గంటలూ తెరిచి ఉండే జంతువుల ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. బిల్లు వేల డాలర్లలో ఉంటుంది, నిజమే. కానీ మలబద్ధకమేమోనని ఇంట్లో పాలు, నెయ్యి తాగిస్తూ కూర్చుంటే పిల్లి దక్కదు. మనుషులకిచ్చే నొప్పి మాత్రలు అసలు ఇవ్వొద్దు. టైలెనాల్ ఒక్కటి చాలు పిల్లిని చంపడానికి.

జబ్బు లేదని డాక్టర్ తేల్చాక స్ప్రే సంగతి. ఆపరేషన్ చేయించని మగపిల్లి స్ప్రే చేయడం దాని స్వభావం. ఆ ఘాటు వాసన ఎక్కడిదో జపాన్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. పిల్లి మూత్రంలో ఫెలినిన్ అనే గంధకం ఉన్న పదార్థం ఉంటుంది, మగపిల్లిలో మరీ ఎక్కువ. అది విరిగి గాలిలో కలిసేకొద్దీ కంపు పెరుగుతుంది. ఆపరేషన్‌తో చాలా పిల్లులు మానేస్తాయి. అయితే చిన్నప్పుడే ఆపరేషన్ అయిన వాటిలోనూ మగవి నూటికి 10, ఆడవి నూటికి 5 దాకా పెద్దయ్యాక స్ప్రే చేస్తాయని కాలిఫోర్నియా యూనివర్సిటీ (డేవిస్)లో బెంజమిన్ హార్ట్ పరిశోధనల్లో తేలింది. షెల్టర్ నుంచి ఆపరేషన్ అయిన పిల్లినే తెచ్చాం, ఇంకెందుకు చేస్తుందని అడిగేవాళ్లకు ఇదే జవాబు.

అలాంటి ఇంట్లో నేను మొదట చూసేది కిటికీ. మరకలన్నీ పెరటి తలుపు చుట్టూనే ఉంటే, బయట ఇంకో పిల్లి తిరుగుతోందని అర్థం. అద్దానికి కింది నుంచి రెండడుగుల మేర మసక ఫిల్మ్ అంటించండి, పది నిమిషాల పని. ఇంట్లో రెండు పిల్లులుండి పడకపోతే తిండి గిన్నెలు, డబ్బాలు వేర్వేరు గదుల్లో పెట్టాలి. గోడ ప్లగ్‌లో పెట్టే ఫెలివే లాంటి ఫెరోమోన్ డబ్బాలు కొన్నింటికి పనిచేస్తాయి, కొన్నింటికి చేయవు. మొండి కేసుల్లో డాక్టర్లు ఫ్లుయోక్సెటిన్ రాస్తారు. అది వాళ్లు రాస్తేనే, వాళ్లు చెప్పిన మోతాదులోనే.

కింద కూర్చుని పోసే పిల్లికి చాలాసార్లు తప్పు డబ్బాలోనే ఉంటుంది. 1947 వరకు అమెరికాలో కూడా పిల్లికి బూడిదో, ఇసుకో పోసేవాళ్లు. ఆ ఏడాది మిషిగన్‌లో ఎడ్వర్డ్ లో అనే ఆయన ఎండిన బంకమట్టి గుళికలు అమ్మడం మొదలుపెట్టాక లిట్టర్ వ్యాపారం పుట్టింది. ఇప్పుడు షాపులో సువాసనలవి బోలెడు దొరుకుతాయి. ఆ వాసన మనకోసం, పిల్లికి గిట్టదు. వాసన లేని, ఇసుకలా మెత్తటిది తీసుకోండి. డబ్బా పొడవు పిల్లి ముక్కు నుంచి తోక మొదలు దాకా కొలిచి, దానికి ఒకటిన్నర రెట్లుండాలి. పిల్లులెన్నో, వాటికంటే ఒక డబ్బా ఎక్కువుండాలి. రోజూ తీసెయ్యాలి. మనవాళ్లు దాన్ని గరాజ్‌లో, వాషింగ్ మెషిన్ పక్కన దాచేస్తారు. స్పిన్ మొదలవగానే ఆ మోతకి బెదిరిన పిల్లి మళ్లీ అటువైపు వెళ్లదు.

ఇక నా పని. వాసన రాగానే మన చెయ్యి ఫినాయిల్ సీసా మీదికో, డెటాల్ మీదికో పోతుంది. ఆ జాతి మందులు పిల్లికి విషం. పాదాలకంటి, నాకి, లోపలికి పోతాయి. మూలల్లో కలరా ఉండలు పెట్టడం కూడా ప్రమాదమే. బ్లీచ్ పోస్తే మూత్రంలోని అమ్మోనియాతో కలిసి మనకే ఊపిరాడనివ్వని గ్యాస్ వస్తుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్ అయితే పిల్లికి మూత్రం వాసనలాగే తోచి, మళ్లీ అక్కడికే వస్తుంది. ఎంజైమ్ క్లీనర్ కొనండి. పైపైన చల్లి తుడవడం కాదు, మూత్రం ఎంత లోతుకి దిగిందో అంత తడిసేలా పోసి, సీసా మీద రాసినంత సేపు వదిలేయాలి. స్టీమ్ క్లీనర్ వద్దు, వేడికి మరక ఇంకా పట్టేస్తుంది.

ఇక్కడి ఇల్లు మన ఇటుక, సిమెంటు ఇల్లు కాదు. కార్పెట్, దాని కింద స్పాంజి ప్యాడ్, దాని కింద ప్లైవుడ్ లేదా ఓఎస్‌బీ చెక్క. పైన అరచేతంత మరక కనిపిస్తే కింద ప్యాడ్‌లో పళ్లెమంత ఉంటుంది. గోడకు స్ప్రే చేస్తే బేస్‌బోర్డ్ సందులోంచి డ్రైవాల్ అడుగు పీల్చుకుంటుంది. ఎండాకాలం ఏమీ తెలియదు. అక్టోబర్‌లో వానలు పట్టి గాలిలో తేమ పెరగగానే ఆ ఉప్పు మళ్లీ మేలుకుంటుంది. పాత మరక అయితే కార్పెట్ మూల ఎత్తి, ఆ మేర ప్యాడ్ కోసి పారేసి, చెక్కను ఎంజైమ్‌తో తడిపి, పూర్తిగా ఆరాక షెల్లాక్ ప్రైమర్ రెండు కోట్లు వేయాలి. షెల్లాక్ అంటే మరేదో కాదు, మన లక్కే. వాసన లోపలే బిగిసిపోతుంది. ఆరేదాకా కిటికీలు తెరిచి, పిల్లిని వేరే గదిలో ఉంచండి.

అద్దె ఇల్లయితే డిపాజిట్ సంగతి కూడా ఉంది. వాషింగ్టన్ చట్టం ప్రకారం, దిగేటప్పుడు ఇంటి స్థితి రాసిన చెక్‌లిస్ట్ ఇవ్వకుండా యజమాని డిపాజిట్ తీసుకోకూడదు. దాని మీద సంతకం పెట్టేముందు ప్రతి గది మూలలోనూ వంగి వాసన చూడండి, సిగ్గుపడొద్దు. ముందున్నవాళ్ల పిల్లి చేసిన నిర్వాకం మీ ఖాతాలో పడకూడదు. ఖాళీ చేశాక 30 రోజుల్లోగా డిపాజిట్ తిరిగివ్వాలి, లేదా దేనికెంత కోశారో లెక్క రాసి ఇవ్వాలి. 2023కి ముందు ఈ గడువు 21 రోజులుండేది. ఖాళీ చేయడానికి రెండు వారాల ముందే ఒక రాత్రి లైట్లన్నీ ఆర్పి, యూవీ టార్చితో ఇల్లంతా చూసుకోండి. మూత్రం ఉన్నచోట పసుపుపచ్చగా మెరుస్తుంది. ఒక్కోసారి సబ్బు మరకలూ మెరుస్తాయి కాబట్టి ముక్కు కూడా దగ్గర పెట్టాల్సిందే. దొరికిన ప్రతి మచ్చ చుట్టూ సుద్దతో గీత గీసి పెట్టుకుంటే, తెల్లారి లైటు వెలుతురులో వెతుక్కోనక్కర్లేదు.