అమెరికా డబ్బు, తిరుత్తణి పాసుబుక్కు

తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లింది. ఇళ్లలో తెలుగు మాత్రం పోలేదు. పళ్లిపట్టు, తిరుత్తణి, తిరువళ్లూరు వైపు అప్పట్లో బయటి డబ్బంటే మగ్గం మీద నేసిన చీర అమ్మగా వచ్చిందే. ఇప్పుడు సింగపూరు, దుబాయి, డల్లాస్‌లలో ఉన్న పిల్లలు పంపుతున్నారు. ఆ డబ్బుతోపాటు టీ అంగడి దగ్గర పుకార్లూ పుడుతున్నాయి. గమ్మత్తేమిటంటే, జనం భయపడేది ఒకదానికి, డబ్బు పోయేది ఇంకోచోట.

అపోహ: విదేశం నుంచి డబ్బొస్తే పెద్ద వాటా పన్నుకే పోతుంది.

కొడుకో కూతురో తల్లిదండ్రులకు కానుకగా పంపింది ఎంతైనా సరే, అందుకున్నవాళ్లకు అది పన్ను పడే ఆదాయం కాదు. దాన్ని డిపాజిట్ చేస్తే వచ్చే వడ్డీ మాత్రం ఆదాయమే. అయితే ఆదాయపు పన్ను చట్టం లెక్కపెట్టే బంధువులూ మనం పెళ్లిపత్రికలు పంచే బంధువులూ ఒకరు కారు. మేనమామ మేనల్లుడికి పంపితే పన్ను లేదు. అదే మేనల్లుడు మేనమామకు ఇల్లు బాగు చేయించుకొమ్మని రెండు లక్షలు పంపాడనుకోండి, ఆ రెండు లక్షలూ మేనమామ ఆదాయంలో కలుస్తాయి. చట్టం జాబితాలో అమ్మానాన్నల తోబుట్టువులు ఉన్నారు గానీ, తోబుట్టువుల పిల్లలు లేరు. జాబితాలో లేనివాళ్ల నుంచి ఏడాదిలో వచ్చింది 50,000 రూపాయలు దాటితే, దాటిన ముక్కకు కాదు, మొత్తానికీ పన్ను లెక్క కడతారు. ఆ మేనల్లుడే మామ కూతుర్ని చేసుకుని అల్లుడయ్యాడా, అప్పుడు బంధువే, పన్ను లేదు! మామ ఇంట పెరిగినవాణ్ణి చట్టం పరాయివాడనడం నాకు అన్యాయంగానే తోస్తుంది. కానీ ఉన్న రూలు అది.

ఇంట్లో కూర్చుని విదేశీ కంపెనీకి పనిచేసేవాళ్ల సంగతి వేరు. అది సంపాదన. బ్యాంకు కారణం అడిగినప్పుడు 'కుటుంబ పోషణ' అని రాయించుకుంటే రేపు లెక్క చెప్పుకోవలసింది మీరే.

అపోహ: వచ్చిన మొత్తం మీద 18 శాతం జీఎస్టీ కోస్తారు.

కోయరు. డాలర్లను రూపాయల్లోకి మార్చే పనికి చట్టం ఒక విలువ కట్టింది. జీఎస్టీ ఆ విలువ మీదే. లక్ష వరకు ఆ విలువ 1 శాతం, ఎంత తక్కువైనా 250 రూపాయలు. అంటే లక్ష వస్తే విలువ వెయ్యి, జీఎస్టీ 180 రూపాయలు. పాతికవేల లోపు ఎంతొచ్చినా 45 రూపాయలు.

అసలు చిల్లు పడేది రేటు దగ్గర. ఫోనులో కనిపించేది మార్కెట్లో బ్యాంకుల మధ్య నడిచే రేటు. మన ఖాతాకు లెక్కకట్టేది బ్యాంకు తన లాభం తీసుకుని ప్రకటించే టీటీ బయింగ్ రేటు. డాలరుకు రూపాయి తేడా ఉంటే 3,000 డాలర్లకు 3,000 రూపాయలు పోయినట్టే. దానికి రసీదులో వేరే గడి ఉండదు కాబట్టి ఎవరికీ కోపం రాదు. 180 రూపాయల జీఎస్టీ గడి కనిపిస్తుంది కాబట్టి దాని మీద గొడవ. 'ఫీజు లేదు' అని ప్రకటించే యాప్‌ను కూడా రేటు చూశాకే నమ్మండి. దారిలో మధ్యవర్తి బ్యాంకులు తమ వంతు పట్టుకోవడమూ ఉంది. ఛార్జీలన్నీ తానే భరించేలా పంపేవాడు ఎంచుకుంటే ఆ కోత చాలావరకు తప్పుతుంది.

అపోహ: ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడు ఇస్తే చాలు.

ఐఎఫ్‌ఎస్‌సీ దేశం లోపలి బదిలీలకు. విదేశీ బ్యాంకు నేరుగా పంపాలంటే 8 లేదా 11 అక్షరాల స్విఫ్ట్ కోడు కావాలి. ప్రతి శాఖకూ అది ఉండదు; విదేశీ మారకం చూసే పెద్ద శాఖ కోడు ఏదో మీ శాఖలో అడిగి రాయించుకోండి. ఐబాన్ అడిగితే కంగారు పడొద్దు, మన దేశంలో అది లేదు.

మన తెలుగు ఇళ్లకు ఇంకో చిక్కుంది. ఇక్కడి పద్ధతిలో పాసుబుక్కులో తండ్రిదో భర్తదో పేరులోని మొదటి అక్షరం ఉంటుంది, ఇంటిపేరు ఉండదు. కొడుకు అక్కడ కూర్చుని అలవాటుగా ఇంటిపేరు కలిపి కొడతాడు. పాసుబుక్కులో 'ఎం. రుక్మిణి', పంపిన కాగితంలో 'కొత్తపల్లి రుక్మిణమ్మ' అయితే డబ్బు మధ్యలో ఆగవచ్చు, తిరిగి వెళ్లనూ వచ్చు. పాసుబుక్కు మొదటి పేజీ ఫోటో తీసి పంపి, అందులో ఉన్నట్టే కొట్టమనండి.

అపోహ: అమెరికా కొత్త చట్టంతో పంపిన ప్రతి డాలరు మీదా 1 శాతం పన్ను.

2026 జనవరి 1 నుంచి వచ్చిన ఆ పన్ను నగదు, మనీ ఆర్డరు, క్యాషియర్ చెక్కు వంటివి చెల్లించి పంపేవాళ్లకు. అక్కడి బ్యాంకు ఖాతా నుంచో, అక్కడ ఇచ్చిన కార్డుతోనో పంపితే వర్తించదు.

అపోహ: మనవాడే కదా, ఊరి గుడి ట్రస్టు ఖాతాకు పంపితే తప్పేముంది?

ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాడు తన సంపాదనలోంచి ఇస్తే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నాడంటే, పుట్టింది తిరుత్తణిలోనే అయినా, చట్టం కంటికి విదేశీయుడే. అతని విరాళం తీసుకోవాలంటే ట్రస్టుకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి కావాలి. డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోనే పడాలి. కుంభాభిషేకానికి చందాలు వసూలు చేసే పెద్దలు దీన్ని పట్టించుకోరు. పట్టించుకోవాలి.

'మీ పేరున విదేశం నుంచి కోట్లొచ్చాయి, రిజర్వు బ్యాంకులో ఆగాయి, ఛార్జీ కట్టండి' అని ఫోనొస్తే అది అపోహ కూడా కాదు, మోసం. రిజర్వు బ్యాంకు వ్యక్తుల పేరిట ఖాతాలు నడపదు, ఛార్జీలు అడగదు. అప్పటికే కట్టేసి ఉంటే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.