ప్రభకి డబ్బులెక్కడివి?

కనుమనాడు 11 ఊళ్ల రుద్రులు, అంటే శివుళ్లు, వెదుళ్లతో కట్టి రంగుబట్టలు చుట్టిన ప్రభలెక్కి కోనసీమ జగ్గన్నతోటలో కొలువుదీరతారు. చూడవచ్చినవాళ్లు అడిగేదొకటే: ఇంత ప్రభకి డబ్బులెక్కడివండీ? చందాలేనండి! సంక్రాంతి ముందు పుస్తకం పట్టుకుని ఇంటింటికీ తిరుగుతాం. కొబ్బరి ధర బాగుంటే చేతులు ధారాళంగా ఆడతాయి. పడిపోతే "పండగెళ్లాక చూద్దాం" అంటారు. గల్ఫులో ఉన్న కుర్రాళ్లు బ్యాంకులో వేస్తారు. ఇవ్వలేనివాళ్లు వెదుళ్లిస్తారు, భుజమిస్తారు. నా లెక్కలో భుజమే పెద్ద చందా: గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలువ దాటేది మనుషుల భుజాల మీదే కదా. రంగుబట్టలకి, మేళాలకి ఎంతైనా పెట్టొచ్చు గానీ, మందుగుండుకి పోసే డబ్బు మీద నాకు గొణుగుడే.

2023 రిపబ్లిక్ డేకి ఢిల్లీలో మన ఆంధ్ర శకటం ఈ ప్రభల తీర్థమే. ఊరి ప్రభకి మాత్రం చందా పుస్తకమే దిక్కు. అంబాజీపేట వైపు వస్తే మీ పేరూ రాయించండి.