రేడియేషన్ అంటే భయమెందుకు?

ఛాతీ ఎక్స్‌రే తీయించుకోమంటే చేజర్ల పల్లెల్లో పెద్దవాళ్ళు కొందరు వెనకాడుతున్నారు. "రేడియేషన్ ఒంటికి చేటట కదా!" అంటున్నారు. దాతలైన మీరు నలుగురికీ చెబుతారని నాలుగు మాటలు రాస్తున్నాము.

రేడియేషన్ లేని చోటు భూమి మీద లేదు. నేల, రాయి, గాలి, ఆకాశం, తినే తిండి, అన్నిటి నుంచీ వస్తుంది. ప్రపంచ సగటున మనిషికి ఏడాదికి 2.4 మిల్లీసీవర్టులు. అందులో సగం దాకా, రాతిలోని యురేనియం నుంచి పుట్టే రేడాన్ వాయువుదే. మన భీమునిపట్నం తీరపు ఇసుకలో థోరియం గల మోనజైట్ ఉంది. కేరళలోని కరునాగపల్లిలో అలాంటి ఇసుక మీదే తరతరాలుగా జనం బతుకుతున్నారు. 2009లో వెలువడిన అధ్యయనంలో అక్కడ ఆ కారణంగా క్యాన్సర్ పెరిగినట్టు తేలలేదు.

అలాగని అశ్రద్ధ తగదు. గాలి ఆడని గదిలో రేడాన్ పేరుకుంటుంది. బీడీ, సిగరెట్టు తాగేవారికి దానివల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు మరీ ఎక్కువ. కిటికీలు తెరవాలి, పొగ మానాలి.

ఛాతీ ఎక్స్‌రేతో అందేది మహా అయితే 0.1 మిల్లీసీవర్టు. ప్రకృతి రెండు వారాల్లో ఇచ్చేంత! సీటీ స్కాన్‌ది ఎన్నో రెట్లు ఎక్కువ కనుక డాక్టరు అవసరమంటేనే తీయించాలి. గర్భిణులు ముందే చెప్పాలి. క్షయను దాచుకోవడం కన్నా ఎక్స్‌రే వెయ్యి రెట్లు మేలు. మీ సదఖాతో తీయించే ఒక్క ఎక్స్‌రే ఒక ఇంటి దీపాన్ని నిలబెట్టవచ్చు.