సాగే దారానిదే గెలుపు

గేలపు దారం కొనేవారు మొదట అడిగేది 'ఇది ఎన్ని కిలోలు ఆపుతుంది?' అనే. దారపు చుట్ట మీద పెద్దగా కనిపించే అంకె కూడా అదే. ఒడ్డున కూర్చుని గాలం వేసేవారికి ఆ ఒక్క అంకె చాలు. కదిలే పడవ నుంచి వేటాడేవారికి మాత్రం చాలదు. ఈ తేడా ఇప్పుడు తిరుపతి ప్రాంతానికీ ముఖ్యమే: 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు, పాత చిత్తూరు జిల్లాకు లేని సముద్రం నెల్లూరు వైపు మండలాలతో పాటు కొత్త జిల్లాలోకి వచ్చింది. సూళ్లూరుపేట, తడ పక్కనున్న పులికాట్ సరస్సు సగటు లోతు మీటరుకు అటూ ఇటూ. అక్కడ వలదే రాజ్యం. సరస్సు దాటి సముద్రంలోకి వెళితే వంజరం, సూర వంటి వేగంగా ఈదే చేపలుంటాయి. వాటికి తగిన పద్ధతి, నడుస్తున్న పడవ వెనుక ఎరను నీటిలో పరుగెత్తించడం. ట్రోలింగ్ అంటే ఇదే. వలను ఈడ్చుకుపోయే ట్రాలింగ్ వేరు. చిత్తూరు మెట్టపొలాల్లో ఒకప్పుడు బావి నీరు తోడే కపిల మోకు మీద బరువు నిదానంగా పడేది, నిదానంగా లేచేది. ట్రోలింగ్ దారం మీద పడేది బరువు కాదు, దెబ్బ. దెబ్బను ఓర్చుకోవాలంటే తెగని బలం ఒక్కటే సరిపోదు, సాగే గుణం కావాలి. ఈ దారం పుట్టి పెరిగిన కథ చూస్తే ఆ రెండు గుణాలూ ఒకదాన్నొకటి ఎలా తింటాయో తెలుస్తుంది.

పలమనేరు, కుప్పం రైతులు పట్టుపురుగును గూడు అల్లించడానికి పెంచుతారు. పందొమ్మిదో శతాబ్దంలో స్పెయిన్‌లోని మూర్సియా ప్రాంతంలో అదే పురుగును గాలం కోసం కూడా పెంచారు. గూడు కట్టబోయే పురుగును వెనిగర్‌లో నానబెట్టి, కడుపులోని పట్టు గ్రంథిని బయటికి తీసి సాగదీస్తే గట్టి పారదర్శకమైన పోగు వచ్చేది. అది మూరెడుకు మించేది కాదు కనుక ముడి మీద ముడి వేసి పొడిగించేవారు. గాలం దగ్గర ఈ పోగు, మిగతా దారమంతా నూలో పట్టో. వేట నుంచి రాగానే ఆరబెట్టకపోతే కుళ్లిపోయేది. అమెరికాలో డ్యూపాంట్ సంస్థ ప్రయోగశాల ఈ అవస్థను తప్పించింది. 1930లో జూలియన్ హిల్ అక్కడ తయారైన పాలిస్టర్ ముద్దలోంచి పోగు లాగి, చల్లారాక ఇంకా సాగదీస్తే అది బలహీనపడకుండా మరింత గట్టిపడుతోందని గమనించాడు. సహచరులతో కలిసి ఆ పోగును పట్టుకుని నడవా పొడవునా పరుగెత్తి చూశాడు కూడా. అదే బృందానికి నాయకుడైన వాలెస్ కెరొథర్స్ 1935 ఫిబ్రవరి 28న నైలాన్‌ను సాధించాడు. 1938 అక్టోబరు 27న సంస్థ దాన్ని లోకానికి ప్రకటించేనాటికి ఆయన బతికి లేడు. నైలాన్ అంటే మేజోళ్లే గుర్తుకొస్తాయి గానీ, అంతకంటే ముందు అంగడికి వచ్చింది పళ్ల బ్రష్షు. ఆ బ్రష్షు కుచ్చులో ఉండే ఒంటిపోగే నేటి గేలపు దారానికి అన్న. మొదట్లో బిరుసుగా ఉండే ఈ ఒంటిపోగు 1950ల చివరికి సన్నబడి, మెత్తబడి, నూలునూ పట్టునూ పక్కకు నెట్టింది.

హిల్ చూసిన వింతకు కారణం అణువుల వరసలో ఉంది. చిక్కుపడిన పొడవాటి అణువులు పోగును లాగినకొద్దీ ఒకే దిక్కుకు తిరుగుతాయి, బలం పెరుగుతుంది. అయితే నైలాన్‌లో అవన్నీ పూర్తిగా నిటారు కావు. ఎంతో కొంత మడత మిగులుతుంది. ఆ మిగులే సాగే గుణం. మామూలు నైలాన్ దారం తెగేలోపు దాదాపు పాతిక శాతం సాగుతుంది. 1979 ప్రాంతంలో నెదర్లాండ్స్‌లోని డీఎస్ఎమ్ సంస్థలో పాల్ స్మిత్, పీట్ లెమ్‌స్ట్రా మరో దారి పట్టారు. పాలిఎథిలీన్‌ను ద్రావకంలో కరిగించి, జెల్లీలాంటి పోగులు తీసి, అణువులను దాదాపు పూర్తిగా నిటారుగా సాగదీశారు. వచ్చిన పోగు అసాధారణంగా గట్టిది. పోగులెన్నో కలిపి అల్లే నేటి అల్లిక దారాల్లో చాలావరకు దాని సంతతే. కానీ సాగాల్సిందంతా కర్మాగారంలోనే సాగిపోయింది కనుక సముద్రంలో సాగడానికి దానిలో మిగిలింది మూడు, నాలుగు శాతమే. బలం కోసం ఓర్పును అమ్ముకున్నట్టయింది.

ఈ తేడా లెక్క వేస్తే స్పష్టమవుతుంది. రెండు దారాలూ 15 కిలోలు ఆపేవే అనుకుందాం. రెండూ 50 మీటర్లు వదిలాం. గంటకు పది, పదకొండు కిలోమీటర్ల వేగంతో పోతున్న పడవకు ఎదురుదిక్కుగా, అంతే వేగంతో అయిదు కిలోల వంజరం ఎరను అందుకుంది. దారాన్ని స్ప్రింగులా భావించి లెక్కిస్తే నైలాన్ మీద పడే గరిష్ఠ లాగు దాదాపు 5 కిలోలు. అల్లిక దారం మీద దాదాపు 12 కిలోలు. చేప అదే, బలం అంకె అదే. దెబ్బ మాత్రం రెండున్నర రెట్లు. ముడి వేసిన చోట ఏ దారమైనా బలం కోల్పోతుంది కనుక 15 కిలోల దారానికి 12 కిలోలు ప్రమాదపు అంచే. దారం తెగకపోయినా చేప నోరు చీలి గాలం ఊడిపోవచ్చు.

సాగే దారమే మేలన్న మాటకు అభ్యంతరాలున్నాయి. రీలులో బ్రేకు జారుతుంది కదా, సాగడం ఎందుకని ఒకటి. నిలిచిన బ్రేకును కదిలించడానికి పట్టే బలం, జారుతున్నదాన్ని జారనివ్వడానికి పట్టేదానికన్నా ఎక్కువ. ఆ మొదటి క్షణాన్ని కాచేది దారమే. రీలు లేకుండా చేత్తో లాగే పడవలో ఆ భారమంతా దానిదే. రెండోది ఇంతకంటే గట్టి వాదన. అంతే బలానికి నైలాన్ లావుగా ఉండాలి. లావు దారాన్ని నీరు ఎక్కువగా వెనక్కి లాగుతుంది, వేగం రెట్టింపైతే ఆ లాగు నాలుగింతలవుతుంది, ఎర లోతుకు దిగదు. ఇది నిజమే. లోతున ఉండే చేపలు కావాలంటే సన్నని అల్లిక దారమే వాడాలి. అప్పుడు కూడా దాని చివర పదిపన్నెండు మీటర్ల నైలాన్ కలిపితే దెబ్బ తగ్గుతుంది. మూడోది ఫ్లోరోకార్బన్ దారం చేపకు కనిపించదన్న వాదన. కాంతిని వంచే తీరును చెప్పే వక్రీభవన గుణకం నీటిదానికి దగ్గరైనకొద్దీ దారం నీటిలో కలిసిపోతుంది. నీటిది 1.33, ఫ్లోరోకార్బన్‌ది 1.42, నైలాన్‌ది 1.53 ప్రాంతం. తేడా ఉన్నమాట నిజం. నిలకడగా ఉన్న తేట నీటిలో అది పనికొస్తుంది. పరుగెత్తే ఎర మీదికి దూకే చేపకు దారాన్ని పరిశీలించే తీరిక ఉండదు. పైగా పదునైన పళ్లున్న వంజరానికి ఎర దగ్గర జానెడో మూరెడో ఉక్కు తీగ తప్పదు. అది ఉన్నాక దారం కనిపించకపోయి ఒరిగేది తక్కువ.

నైలాన్‌కూ లోపాలున్నాయి. నీరు పీల్చి కొంత బలం కోల్పోతుంది, ఎండకు పెళుసెక్కుతుంది, అందుకే తరచు మార్చాలి. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. కుళ్లడం పాత నూలు దారానికి లోపం, నీటికి మాత్రం మేలు. నైలాన్‌గానీ పాలిఎథిలీన్‌గానీ అలా కుళ్లవు. పారేసిన దారం చేపలకూ, తాబేళ్లకూ, పక్షులకూ ఉచ్చవుతుంది. పులికాట్‌లో రాజహంసలు, నేలపట్టులో గూడబాతులు వచ్చి వాలే జిల్లా ఇది. తెగేదాకా లాగవద్దని మన సామెత. ట్రోలింగ్‌కు దారం ఎంచుకునేవారు దాన్ని అక్షరాలా పాటించవచ్చు: చుట్ట మీది కిలోలతో పాటు ఎంత సాగుతుందో, ఎంత లావుందో అడగండి; పైనీటి వేటకు నైలాన్‌నే ఎంచుకోండి. పాతబడిన దారాన్ని నీటిలో వదలకుండా ముక్కలు చేసి ఒడ్డుకు తెచ్చేయండి.